సగం చేట పట్టుకుని యక్షిణి కొండకు

మీ తాతల తాతలు ఉయ్యాలలో ఏడుస్తున్న రోజుల్లో భద్రావళి అనే రాజ్యం ఉండేది. కరవు లేదు, యుద్ధం లేదు. అయినా ఆ రాజ్యంలో ఎవరికీ కాలు చాపుకుని పడుకునే చోటు లేదు. అక్కడ ఏది పారేసినా తిరిగి వచ్చేది మరి! పగిలిన కుండను వీధి చివర విసిరేసి వెనక్కి తిరిగితే, అది మనకంటే ముందే వచ్చి పొయ్యి పక్కన కూర్చుని ఉండేది. తెగిన చెప్పులు, చిరిగిన చాపలు, పళ్లూడిన దువ్వెనలు అన్నీ అంతే. ఇలా ఏడేళ్లు గడిచాక ఆ పాత సామాను తనంతట తానే పెరగడం మొదలుపెట్టింది. నిన్న ఒక ఓటికుండ ఉన్న చోట నేడు రెండు ఉండేవి.

ఆ రాజ్యపు రాజధానిలో, కోట పక్కనున్న మేదరి వీధిలో కేతమ్మ అనే పన్నెండేళ్ల పిల్ల అవ్వతో కలిసి ఉండేది. బుట్టలు, చేటలు అల్లడం వాళ్ల వృత్తి. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఒక చేట సగం అల్లి, జ్వరంతో పడుకుని మళ్లీ లేవలేదు. ఆ సగం చేటను కేతమ్మ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఒక ఉదయం లోపలి గదిలో అవ్వ ఉండగా, గుమ్మం దగ్గరి సామాను గుట్ట ఒక్కసారిగా కూలి దారి మూసేసింది. ఇరుగుపొరుగు వాళ్లు పరుగున వచ్చి లాగి పారేశారు. అవి కన్ను మూసి తెరిచేలోగా మళ్లీ వచ్చి కూర్చున్నాయి. గోడ పగలగొడితే ఇటుకలు కూడా అలాగే వచ్చి గోడ ఎక్కాయి. కిటికీ ఊచల సందులోంచి గంజి అందించడం తప్ప ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

"ఏడవబాక కేతీ," అంది అవ్వ కిటికీ దగ్గరికి వచ్చి. "గుట్ట రోజుకో జాన లోపలికి జరగతా ఉండాది. నా మంచానికీ దానికీ మధ్య తొమ్మిది జానలుండాయి. అంటే తొమ్మిది రోజులు. అడివి అవతల తెల్లకొండ మీద యక్షిణి ఉండాదంట. ఈ మాయ సంగతి ఆమెకే తెలిసుంటాది."

"తొమ్మిదో జాన జరిగేలోపు నేనొస్తా అవ్వా. నువ్వు మంచం దిగబాక," అంది కేతమ్మ. కళ్లు తుడుచుకుంది. సద్దిమూట, గొంగడి, వెదురు చీల్చే కత్తి తీసుకుని, సగం చేటను చంకలో పెట్టుకుని బయలుదేరింది.

రాజ్యం పొలిమేర దాటిన రెండో రోజు అడవి దారి పక్కన ఒక గుహ కనిపించింది. గుహ నిండా బండ్ల చక్రాలు, తలపాగాలు, గంటలు, తుప్పు పట్టిన కత్తులు. వాటి మధ్య బండబొజ్జడు అనే రాక్షసుడు ఒక పక్కకి ఒరిగి ఇరుక్కుని ఉన్నాడు.

"ఆగు పిల్లా! నిన్ను తింటాను!" అని అరిచాడు.

"తిందువుగానిలే. ముందు నాకేసి తిరుగు," అంది కేతమ్మ.

వాడు తిరగబోయాడు. సామాను అడ్డొచ్చి తిరగలేకపోయాడు. వాడి ముఖం చిన్నబోయింది. "నూరేళ్లయింది నేను వెల్లకిలా పడుకుని," అన్నాడు నెమ్మదిగా.

కేతమ్మకు జాలి వేసింది. ఒక్కొక్క వస్తువు చేతిలోకి తీసుకుని, "దీన్ని ఆఖరిసారి ఎప్పుడు ముట్టావు?" అని అడిగింది. బండబొజ్జడు బుర్ర గోక్కున్నాడు. ఏ ఒక్కటీ గుర్తు రాలేదు. గుర్తు రానివన్నీ ఇద్దరూ కలిసి లోయలోకి దొర్లించారు. పొలిమేర బయట కదా, అవి వెనక్కి రాలేదు. చివరికి ఒక చెంబు, ఒక దుప్పటి మిగిలాయి. రాక్షసుడు వెల్లకిలా పడుకుని, గుహ పైకప్పు కేసి చూసి గట్టిగా నవ్వాడు. కేతమ్మను తినాలన్న మాటే మరిచిపోయాడు.

మూడో రోజు పెద్ద నది అడ్డం వచ్చింది. ఒడ్డున గుడిసె అంత తాబేలు ఎండ కాగుతోంది.

"దాటిస్తాను గానీ, రెండు చేతుల్లో పట్టినంతే తీసుకురావాలి. మూట కట్టినవి, నెత్తిన పెట్టినవి నా వీపు మీద చెల్లవు," అంది తాబేలు.

కేతమ్మ గొంగడి ఒడ్డున పడేసి ఒక చేత్తో కత్తి పట్టుకుంది. రెండో చేయి సద్దిమూట మీదికి వెళ్లి, ఆగి, సగం చేటను పట్టుకుంది.

"అన్నం వదిలేసి ఆ విరిగిన చేటనా పట్టుకునేది?" అని తాబేలు ఆశ్చర్యపోయింది.

"విరగలేదు తాతా. పూర్తి కాలేదు. మా నాయన చెయ్యి ఉండాది దీంట్లో."

"అయితే పూర్తి చెయ్యరాదూ?"

కేతమ్మ చేటను గట్టిగా పట్టుకుని తాబేలు వీపెక్కి నది దాటింది. ఆ రోజూ మరుసటి రోజూ అడవి రేగుపళ్లు తిని నడిచింది. కడుపు మాడింది, కాళ్లు బొబ్బలెక్కాయి. అయినా కూర్చోలేదు. కూర్చుంటే అవ్వ మంచం గుర్తుకొచ్చేది.

ఐదో రోజు మధ్యాహ్నం తెల్లకొండ ఎక్కింది. యక్షిణి ఒక ఖాళీ మంటపంలో కూర్చుని ఉంది. అక్కడ ఒక దీపం తప్ప మరే వస్తువూ లేదు. కేతమ్మ తన అవ్వ గోడు చెప్పుకుంది.

"మీ రాజు నిధిపాలుడు ఏడేళ్ల కిందట నా దగ్గరికి వచ్చాడు," అంది యక్షిణి. "రాణి పోయిన దుఃఖంలో ఉన్నాడు. 'నా రాజ్యంలో ఇక ఏదీ పోకూడదు' అని వరం అడిగాడు. ఇచ్చాను. ఇచ్చిన వరం నేను వెనక్కి తీసుకోలేను. అడిగిన నోటితోనే అతడు పొమ్మనాలి. దాచిన చేతితోనే ఇవ్వాలి. అతడు మనసారా ఒక్కటి వదిలినా చాలు."

కేతమ్మకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఇంత దూరం నడిచింది ఇంటి పక్కనున్న రాజు సంగతి వినడానికా! మరు నిమిషం కొండ దిగడం మొదలుపెట్టింది. నది తాబేలు దాటించింది. అడవి సగం బండబొజ్జడు భుజాన మోసి దాటించాడు. తొమ్మిదో రోజు పొద్దున్నే ఆమె కోటలో ఉంది.

రాజసభలో ఏడు వందల పెట్టెలు కప్పును తాకుతున్నాయి. సింహాసనానికి చోటు లేక రాజు ఒక పెట్టె మీదే కూర్చున్నాడు. కేతమ్మ తను విన్నదంతా చెప్పింది. "దొరా, మా యవ్వకి ఒక్క జాన మిగిలుండాది. ఒక్క పెట్టె తెరిచి ఇచ్చెయ్యండి."

"అవి నా రాణి వస్తువులు! వాటి జోలికి వస్తే తల తీయిస్తాను," అని రాజు లేచి నిలబడ్డాడు. అంతలో అతడి చూపు ఆమె చంకలోకి వెళ్లింది. "అదేమిటి? సగం చేట. ఎందుకూ పనికిరానిది. నువ్వు వదిలావా దాన్ని? నాకు చెప్పడానికి వచ్చావా?"

కేతమ్మ గతుక్కుమంది. ఆ మాట నిజం. అది పూర్తయితే నాన్న పని ముగిసిపోతుందని ఆమె ఇన్నాళ్లూ భయపడింది. ఆ భయం ఇప్పుడూ పోలేదు. అయినా కోట తోటలోకి వెళ్లి ఒక పచ్చి వెదురు నరికి తెచ్చింది. పలచగా బద్దలు చీల్చి, రాజు ఎదుటే నేల మీద కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. మొదటి బద్దను నాన్న ఆపిన చోటే దూర్చింది.

రాజు పొమ్మనలేదు. చూస్తూ ఉండిపోయాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చేట పూర్తయింది.

"మీ నాన్న అల్లిక ఎక్కడ ఆగిందో తెలిసిపోతోంది," అన్నాడు రాజు మెల్లగా.

"తెలియనియ్యండి దొరా," అంటూ కేతమ్మ ఆ చేటను రాజు చేతిలో పెట్టింది. "మీ వంటింట్లో బియ్యం చెరిగించుకోండి. అటక మీద మాత్రం పెట్టించబాకండి. ఇప్పుడు చెప్పండి, ఈ పెట్టెలు ఆఖరిసారి ఎప్పుడు ముట్టినారు?"

రాజు చేటను జాగ్రత్తగా పక్కన పెట్టాడు. తర్వాత తానే తాళం తీశాడు. మొదటి పెట్టెలోని పట్టుచీర చేయి తగలగానే పొడి పొడి అయిపోయింది. పురుగులు ఎప్పుడో తినేశాయి. రాజు అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. రెండో పెట్టెలో ఒక ఆకుపచ్చ శాలువా చెక్కుచెదరకుండా ఉంది. గుమ్మం దగ్గర నీళ్లు మోసే ముసలామె చలికి ముడుచుకుని నిలబడి ఉంది. రాజు వెళ్లి తన చేతులతో ఆ శాలువా ఆమెకు కప్పాడు.

"పో. చల్లగా వెళ్లు," అన్నాడు. ఆ మాట శాలువాతోనో, రాణితోనో ఎవరికీ తెలియలేదు.

నగరం దద్దరిల్లింది. ఇంటింటి గుట్టలూ గలగలమంటూ కూలాయి. ఈసారి పారేసినవి తిరిగి రాలేదు. కేతమ్మ ఇంటికి ఒక్క పరుగు తీసి, గుమ్మంలో అడ్డున్న కుండలను కాలితో తన్నేసి లోపలికి దూకింది. మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న అవ్వను కావలించుకుని బావురుమంది.

కేతమ్మకు యువరాజుతో పెళ్లి అయిందా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఆ రాజుకు కొడుకులు లేరు, కేతమ్మకు ఇంకా పన్నెండేళ్లే. ఊరుకోండి. కానీ రాజు ఆమెను కోట సామానుకంతటికీ అధికారిణిని చేశాడు. ఏటేటా ఆమె గది గదీ తిరిగి, ఆఖరిసారి ఎప్పుడు ముట్టారని అడిగేది. మంత్రులు రాక్షసుడికంటే ఎక్కువగా ఆమెకే భయపడేవారు.

ఇల్లు ఊడ్చి అలికిన రోజు అవ్వ చుట్టూ చూసి, "మీ నాయన చేట యాడే?" అని అడిగింది.

"రాజుగారి వంటింట్లో ఉండాది అవ్వా. రోజూ బియ్యం చెరగతా ఉండారు."

అవ్వ నేల మీద చాప పరిచి, రెండు కాళ్లూ పూర్తిగా చాపి పడుకుంది. "అట్టయితే మీ నాయన ఇంకా పని చేస్తానే ఉండాడన్నమాట," అంది.

కేతమ్మ కూడా పక్కనే కాళ్లు చాపుకుని పడుకుంది. ఆ ఇంట్లో ఇద్దరికీ సరిపోయి, ఇంకా చోటు మిగిలింది.