పిల్లలు పెట్టిన పేరు

"చేతులు కొంగు కిందనే పెట్టుకో బిడ్డా... పైకి తియ్యకు!"

సంధ్యారాణికి ఆ మాట వినపడదని తెలిసీ, కిష్టమ్మ అంటూనే కూతురి చేతులు రెండూ పట్టి ఒళ్లోకి దించింది. పుట్టుచెవిటి పిల్ల! చేతులాడిస్తే మాటలు రావని ఎవరో డాక్టరు చెప్పిననాటి నుంచి ఆ తల్లి చేసిన పని అదొక్కటే... పిల్ల చెయ్యి లేస్తే దించెయ్యడం. మాటలూ రాలేదు, చేతులూ ఆడనివ్వలేదు! ఇప్పుడు పెళ్లీడుకొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ రెండు గదుల కిరాయి ఇంటికి ఆవేళ నాగోల్ నుంచి పెళ్లిచూపులకు వస్తున్నారు. పిల్లకు సిగ్గెక్కువ, మాట తక్కువ అని మాత్రమే చెప్పాడు తండ్రి లచ్చయ్య. మూడు ముళ్లు పడ్డాక అదే తెలుస్తుందిలే అని!

ఇంట్లో ఆ పిల్లతో మాట్లాడే మనిషి ఒక్కడే ఉండేవాడు... అన్న మధు. ఎక్కడో నేర్చుకొచ్చి చెల్లెలితో గంటలు గంటలు చేతులతో ముచ్చట్లు పెట్టేవాడు. వాడికీ ఇలాగే సంబంధం చూశారు. "నా మనసు సాయినాథ్ మీదుందమ్మా. దాచిపెట్టి ఓ ఆడపిల్ల గొంతు కొయ్యలేను" అన్నాడు. అంతే! కట్టుబట్టలతో వీధిలోకి తోశాడు లచ్చయ్య. "ఇగ వాని పేరు నా ఇంట్ల ఇనపడొద్దు!" అన్నాడు. కిష్టమ్మ నోరెత్తలేదు. "మీ మధు ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక సందులో ఆ అబ్బాయితోనే ఉంటున్నాడండీ. ఓసారి వెళ్లి చూసి రాకూడదూ?" అని పక్కింటి వేదవతి గుర్తులు చెప్పినా కడుపులోనే పెట్టుకుంది. వాడు పోయినప్పటి నుంచి సంధ్య కంచం ముందు కూర్చోవడమే గాని మెతుకు సరిగ్గా ముట్టడం లేదు... ఎందుకని ఎవరడిగారు గనక! అడిగే భాష ఎవరికొచ్చు గనక!

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులు లేవు, ఆటోలు లేవు. ఆటో నడిపే లచ్చయ్య రోజూ రాస్తారోకోకు పోయి గొంతు బొంగురుపోయేలా అరిచి వస్తున్నాడు. పెళ్లివారు మాత్రం మోటారు సైకిలు మీద రానే వచ్చారు. అబ్బాయి తల్లి రాములమ్మ పిల్లను చూసి ముచ్చటపడింది.

"అన్నదమ్ములెందరు?" అని అడిగింది.

"ఎవ్వలు లేరు. గీ ఒక్కతే బిడ్డ" అన్నాడు లచ్చయ్య, ఒక వేలు చూపిస్తూ.

తండ్రి పెదవులనే చూస్తున్న సంధ్యకు ఆ అబద్ధం అందింది. కొంగు కింద నుంచి చెయ్యి లేచింది! చూపుడు వేలితో ఎడమ కనుబొమ్మ మీద అడ్డంగా గీసింది... మళ్లీ గీసింది. మధుకు చిన్నప్పుడు అక్కడ తగిలిన దెబ్బకు గాటు మిగిలింది. చెల్లెలి చేతిలో ఆ గాటే వాడి పేరు. వినపడొద్దన్న పేరును ఆ పిల్ల అందరి ముందూ చెబుతోంది!

"ఏంది, పిల్ల ఏమంటున్నది?" రాములమ్మ బిత్తరపోయింది.

"ఏం లే, ఈగ వాలింది" అంటూ లచ్చయ్య భార్య వైపు ఉరిమి చూశాడు. అలవాటైన కిష్టమ్మ చెయ్యి ముందుకు పోనే పోయింది. కూతురి మణికట్టు పట్టుకుంది కూడా. కానీ ఆ పిల్ల కళ్లు... అయ్యో, ఆ కళ్లు! కిష్టమ్మ చెయ్యి వదిలేసింది.

"వాళ్లన్న పేరు చెప్తున్నది వదినా" అంది. "దీనికి ఇనపడది, మాటలు రావు. నా కొడుకు ఆడపిల్లను చేసుకునేటోడు కాదు. ఒకర్ని కొంగు కింద దాస్తిమి, ఒకర్ని గడప బయట పారేస్తిమి... ఇద్దరూ నా కడుపుల పుట్టినోళ్లే!"

పెళ్లివారు చాయ్ కూడా ముట్టకుండా లేచిపోయారు. లచ్చయ్య చెయ్యెత్తాడు.

"కొట్టు!" కిష్టమ్మ భోరుమంది. "మన మాట ఇని నవ్వుతున్నరని, మనల్ని మనుషుల లెక్క చూస్తలేరని రోడ్డు మీద కూసుంటివి గద! మరి నీ బిడ్డ మాట ఏమాయె? నీ కొడుకు మనిషి కాడా?"

లచ్చయ్య ఎత్తిన చెయ్యి దించాడు. కండువా తీసి మొహం తుడుచుకుంటూ గోడవైపు తిరిగాడు.

కిష్టమ్మ కూతుర్ని తీసుకుని ఎండలో ఎల్‌బీ నగర్ దాకా నడిచింది. తలుపు మధే తీశాడు. ఎంత చిక్కిపోయాడో! తల్లిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెల్లెల్ని మాత్రం గుండెలకు హత్తుకున్నాడు. ఇక చూడాలి, ఇద్దరి చేతులూ ఆగితేనా! సాయినాథ్ అన్నం పెట్టుకొస్తే సంధ్య కుడిచేత్తో తింటూ, ఎడమచేత్తో మాట్లాడుతూనే ఉంది.

"ఇంటికి రా బిడ్డా..."

"సాయిని కూడా రమ్మంటవా అమ్మా?"

లచ్చయ్య మొహం గుర్తొచ్చి కిష్టమ్మ తల దించుకుంది.

"చెల్లె కూడా ఈడనే ఉంటనంటున్నది" అన్నాడు మధు మెల్లగా.

ఒక్క పూటలో ఇల్లు ఖాళీ! అయినా ఏ మొహంతో వద్దంటుంది? "ఉండనియ్యి కొడుకా. నేనే ఒస్తుంట. నాకు గా ముచ్చట నేర్పు" అంది కొంగుతో కళ్లొత్తుకుంటూ. "ముందుగాల నా పేరు చెప్పు. మీ చేతులల్ల నా పేరేంది?"

అన్నాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "వద్దులే అమ్మా..." అన్నాడు మధు. కిష్టమ్మ వినలేదు. కూతురి వైపు తిరిగి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపులతో అడిగింది.

సంధ్య కంచం పక్కన పెట్టింది. కుడిచేత్తో తన ఎడమ మణికట్టు తానే పట్టుకుని, ఒళ్లోకి దించి చూపించింది.

ఎన్నేళ్ల నుంచి పిలుస్తున్నారో తనను అలా! కిష్టమ్మ కూడా తన ఎడమ మణికట్టు పట్టుకుంది... ఒళ్లోకి దించింది.

"గిట్లనేనా బిడ్డా?"

అవునని తలూపింది సంధ్య.