పేరు పిలవని దాహం

పొరుగు దేశంలోని వాగడూగు నగరంలో టమాటాల బేరం కుదిరేసరికి ఆఫ్రియేకి గొంతు పిడచకట్టుకుపోయింది. ఎడారి మీదుగా వీచే హర్మటన్ గాలి ఊరంతా దుమ్ము కప్పేసి, పొద్దు ఉండగానే చీకటి చేసింది. అద్దె గదిలోకి వచ్చి గడియ పెట్టుకుని, నీళ్ల సీసా మూత తీసింది.

దేశం దాటి ఒంటరిగా రావడం ఇదే మొదలు. మోకాళ్ల నొప్పులతో అమ్మ సొంతూరు కుమాసీలోనే ఉండిపోయింది. ఉందన్న మాటే గానీ ప్రాణమంతా కూతురి మీదే. ఆఫ్రియేది సికిల్ సెల్ రక్తం. ఒంట్లో నీళ్లు తగ్గితే ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పి. అన్నయ్య అంపోఫో ఆ జబ్బుతోనే, ఆసుపత్రిలో నీళ్లు నీళ్లు అంటూ పోయాడు. అందుకే అమ్మ పట్టుబట్టి ఫోన్‌లో యాప్ పెట్టించింది. తాగినప్పుడల్లా నొక్కితే తెరమీద కుండ కాస్త నిండుతుంది. అక్కడ అమ్మ ఫోన్‌లోనూ నిండుతుంది.

అలవాటు కొద్దీ ముందు ఓ చుక్క, పోయిన పెద్దలకని, నేలమీద పోసింది. పోశాక గుర్తొచ్చింది, అమ్మమ్మ కొనాడు పేరు చెప్పలేదు. "పేరు పెట్టి పిలవాలే పిల్లా! ఊరికే పోస్తే ఎవరొస్తారో ఏమో" అని అమ్మ ఎన్నిసార్లు తిట్టిందో. వయసులో పోయినవాళ్లను మాత్రం పిలవకూడదు. అందుకే పోయాక అన్నయ్య పేరు ఆ ఇంట్లో ఎవరూ పిలవలేదు.

టింగ్ మంది ఫోన్. కుండ కాస్త నిండింది. ఆమె ఇంకా తాగనే లేదు, నొక్కనూ లేదు.

సీసా ఎత్తింది. పెదవులకు తడి తగల్లేదు. ఇందాక నిండుగా ఉన్న సీసా... ఖాళీ. గదిలో తడిమట్టి వాసన, దాంట్లో ఆసుపత్రి మందుల వాసన. రెండో సీసా తీసింది. టింగ్... టింగ్... మూత తిప్పేలోపే చేతిలో తేలికైపోయింది.

మోకాళ్లలో నొప్పి మొదలైంది. తలుపు దాకా వెళ్దామని లేచింది. కాళ్లు రాలేదు. కూలబడి అమ్మకు ఫోన్ చేసింది.

"ఏమే టమాటా రాణీ! కుండ నిండిపోయిందే, బంగారుతల్లివి!"

"అమ్మా... నేను తాగలేదు..."

"చాల్లే వేషాలు. నా కళ్లతో చూస్తుంటే!"

"నొప్పమ్మా... భయమేస్తోంది..."

అమ్మ గొంతు మారింది. "అయితే ఇంకా తాగు. నేను ఫోన్ పెట్టను. తాగు తల్లీ."

ఒక్కటే సీసా మిగిలింది. "కొనాడు అమ్మమ్మా... నువ్వే రా" అని గొణిగి ఓ చుక్క పోసింది. సీసాలో నీళ్లు అలాగే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని నోటికి ఎత్తింది.

గట... గట... గట...

చప్పుడు చెవి పక్కనుంచి వస్తోంది. ఆమె గొంతులోకి చుక్క కూడా దిగలేదు. అరవబోయింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

"ఆఁ, అదీ! వినిపిస్తోంది" అంది అమ్మ, ఫోన్‌లో నవ్వుతూ. "మెల్లగా తాగవే, ఏంటా ఆత్రం? పొలమారగలదు!"

పక్కన ఎవరో పొలమారి దగ్గారు.

అమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు. అడిగింది, ఆఫ్రియేను కాదు...

"అంపోఫో... ఇంకా దాహం తీరలేదా నాన్నా?"

ఫోన్ టింగ్ మంది.