పొగ రాని పత్తి

కోహీర్ రోడ్డు మీద ఏజెంట్ వెస్లీని పట్టపగలే కాల్చేశారు. చుట్టూ పత్తి చేలు. ఎక్కడా పొగ లేదు. "ఎక్కడ్నుంచిరా?" అని అడిగి, పక్కనున్న ఏజెంట్ క్రాంతి కుమార్ ఒళ్ళోనే ప్రాణం వదిలాడు. నెల దాటింది. ఆ ప్రశ్న క్రాంతిని వదల్లేదు. మేడ మీద కిటికీ కనిపిస్తే చాలు, అక్కణ్ణుంచి ఎవరో గురిపెట్టినట్టు భయమేస్తోంది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ బ్రీఫింగ్: "పూర్వం ఒక సైంటిస్టు ఒలికిన యాసిడ్‌ని భార్య నూలు ఆప్రాన్‌తో తుడిచి, పొయ్యి దగ్గర ఆరేశాడట. ఆరగానే భగ్గుమని మాయం! ఆ యాసిడ్ పత్తితోనే 1884లో ఫ్రాన్స్‌లో పొగరాని తుపాకిమందు చేశారు. అంతకుముందు పొగను బట్టి కాల్చినవాణ్ణి పసిగట్టేవాళ్ళు. వెస్లీని చంపిన విదేశీ ముఠా అదే పత్తిని ఇరవై బేళ్ళు జహీరాబాద్‌లో దింపింది. తడిగా ఉన్నంతసేపు ఫర్వాలేదు. ఆరిందా, అంతే!"

జహీరాబాద్ పక్కనే, సరుకు దాచిన చిరాగ్‌పల్లి జిన్నింగ్ మిల్లు. పత్తి వ్యాపారి వేషంలో, తేమ మీటర్‌తో క్రాంతి దిగాడు. కూలింగ్ గ్లాసెస్ పైకి నెట్టి మేనేజర్ నందిని నవ్వింది. ముఠా జీతం తింటూ మన డిపార్ట్‌మెంట్‌కు పనిచేసే డబుల్ ఏజెంట్ ఆమె.

"ఝరాసంగం పత్తిలో తేమెంత?" అడిగాడు క్రాంతి.

"ఎనిమిది." కోడ్ కలిసింది. "బేళ్ళు గోడౌన్లో ఉన్నాయి, రండి."

గోడౌన్ ఖాళీ! నందిని మొహం పాలిపోయింది.

వెనక బండల మీద, మండే ఎండలో, సరుకంతా తెల్లగా పరిచి ఉంది. ఆరుగురు ఆడకూలీలు కాళ్ళతో తిరగేస్తున్నారు.

"ఎవరు పరవమన్నారు?" అరిచాడు క్రాంతి.

"ఒకలు చెప్పాల్నా సారూ?" అంది వాళ్ళలో పెద్దది బసమ్మ. "తడిపత్తి ఎవలన్న కొంటరా? పొద్దుగాల్నే పరిచినం. మంచిగ ఎండింది, చూడుండ్రి."

మీటర్ మూడు శాతమే తేమ చూపించింది.

"నందినీ, ఫైర్ హోస్!"

నీళ్ళు చిమ్మాయి. ఐదుగురు కేకలేస్తూ పక్కకు పరుగెత్తారు. బసమ్మ మాత్రం చివరి మూలనున్న పత్తిని ఇనుప పారతో లాక్కుంటూనే ఉంది.

"జర ఆగు సారూ! మా కష్టమంత పాడుజేస్తవా?"

క్రాంతి హోస్ ఆమె మీదికే తిప్పాడు. ఆమె తూలి వెనక్కి పడింది. జారిన పార బండకు కొట్టుకుని నిప్పురవ్వ లేచింది.

భగ్గుమంది. కన్ను మూసి తెరిచేలోగా ఆ మూల పత్తి లేదు.

"ముఠా లారీ హైవే మీద దొరికింది," ఇయర్‌పీస్‌లో చీఫ్. క్రాంతి వినడం లేదు. ఆకాశమంతా వెతుకుతున్నాడు. పొగ లేదు. ఎక్కడ్నుంచిరా అని వెస్లీ మళ్ళీ అడుగుతున్నాడు. నెల రోజులుగా ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది.

తడిసి ముద్దయిన బసమ్మ లేచి కొంగు పిండుకుంది. క్రాంతిని చూసి జాలిపడింది.

"ఏడ్వకు సారూ. ఫికర్ జేయకు. రేపు మళ్ల ఎండకేస్తం."