అలివేలు పాలపన్ను

పండ్ల డాక్టరమ్మ మా ఊరికి వచ్చిన పొద్దు నేను మిరప నారుమడికి నీళ్లు పెడుతున్న. బడి దిక్కు నుంచి ఒకటే లొల్లి. ఏందబ్బా అని కొంగు నడుముకు చెక్కుకొని పోయిన. బడి వరండల బల్ల ఏసుకొని ఒక సాయబుల పిల్ల కూసుంది. పేరు ముబషిరా అట, వనపర్తి పిల్లనే. పట్నంల పండ్ల డాక్టరు పెద్ద చదువు చదువుతున్నదట.

"మీ బోరు నీళ్లల్ల ఏమున్నదో పిల్లల పాలపండ్లను చూస్తే తెలుస్తదమ్మా. ఊడిన పన్ను ఇస్తే చాలు, మేం పీకం" అన్నది.

"నోట్ల ఉన్నప్పుడే మాట్లాడని పన్ను ఊడినంక ఏం చెప్తదమ్మా?" అన్న నేను. అందరు నవ్విన్రు. ఆ పిల్ల గూడ నవ్వింది. నా నోరు గట్లనే ఉంటది, ఊరంతకు తెలుసు.

మా అలివేలు అప్పుడు రెండో తరగతి. ముందరి పన్ను కదిలి కదిలి ఆ పొద్దే ఊడింది. దాన్ని గుప్పిట్ల పట్టుకొని పెండ కోసం తిరుగుతున్నది. మా దిక్కు ఊడిన పన్నును పెండల సుట్టి మిద్దె మీదికి ఇసిరేస్తరు, గప్పుడే కొత్తది మొలుస్తదని. డాక్టరమ్మ అడిగేసరికి బిడ్డ గుప్పిలి ఎనక్కు దాసుకుంది.

"ఇయ్యి బిడ్డా, మనకు మంచినీళ్లు వస్తయంట" అన్న.

"మిద్దె మీద ఎయ్యకుంటే కొత్త పన్ను ఎట్ల వస్తదమ్మా?"

"పని అయినంక డాక్టరమ్మ మళ్ల ఇస్తది. అప్పుడు ఏద్దాం."

ఇచ్చింది. కండ్ల నిండ నీళ్లు పెట్టుకొని ఇచ్చింది. ఆ పిల్ల దాన్ని బొటనవేలంత సీసాల నీళ్లల్ల ఏసి మూత బిగించి, బిడ్డ చేతిల ఒక బ్రష్షు పెట్టింది. సాయంత్రానికి అలివేలు అన్నీ మరిసిపోయి ఆ బ్రష్షుతోని బర్రె పండ్లు తోముతానని బయలుదేరింది. నేను తిట్టిన తిట్లకు పక్కింటోళ్లు నవ్విన్రు.

ఇంగ ఆ ఏడాది దసరా పోయినంక ఏమైందో మీకు తెల్వనిదా. తుంగభద్ర ఊర్లకు వచ్చింది.

పెంటయ్య, అంటే నా మొగడు, ఎడ్ల తలుగులు ఇప్పుతున్నడు. నేను బిడ్డ చెయ్యి పట్టుకొని గడప దాటిన. నీళ్లు నా నడుము దాక, దాని గొంతు దాక. ఎత్తుకుందామని వంగిన. అప్పుడే ఎవరింటి దూలమో కొట్టుకొచ్చి నా పక్కటెముకలకు తగిలింది. లేసి చూస్తే నా చేతిల చెయ్యి లేదు.

దొరకలె. ఎంత ఎతికినా దొరకలె. నీళ్లు తీసినంక ఊర్లకు పోతే మిద్దె కరిగి కుప్ప పడ్డది. అంగీ లేదు, బడి సంచి లేదు, ఒక ఫోటో లేదు. బిడ్డ ఈ భూమ్మీద తిరిగిందని చెప్పేటందుకు ఏమీ మిగలలె. ఊరి పెద్దలు వచ్చి, ఆనవాలు ఏదన్న ఉంటే పాతిపెట్టి పాలు పోయమన్నరు. లేకుంటే ఆ పాణం ఒక తావుల నిలువదన్నరు. ఏం పాతాలె? నా చేతులు పాతాల్నా?

మమ్ములను ఎగువ దిక్కున రేకుల షెడ్లల్ల పెట్టిన్రు. పగలు జనం వస్తుండ్రి, బియ్యం ఇస్తుండ్రి, పోతుండ్రి. మాపటికి పొయ్యి ముట్టించే యాళ్లకు మాత్రం చేతిల పుల్ల పట్టుకొని ఇనుకుంట కూసునేదాన్ని. ఎందుకంటే అప్పుడే ఆ సప్పుడు వచ్చేది.

టక... టక టక... టక టక టక...

షెడ్డు ఎనక నుంచి. మొదట్ల రేకు కొట్టుకుంటుందేమో అనుకున్న. కాదు. అవి సలికి పండ్లు కొట్టుకుంటున్న సప్పుడు. సలికాలం ఏట్ల తానం చేసి ఒడ్డుకు వస్తే అలివేలు గట్లనే వణుకుతుండె, తువ్వాల కప్పేదాక ఆ సప్పుడు ఆగకపోతుండె. తల్లికి తెల్వదా?

ఎనక్కు పోయి చూస్తే ఎవరు లేరు. ఒండ్రుమట్టి వాసన మాత్రం గుప్పుమన్నది.

పెంటయ్యకు గూడ ఇనిపిస్తుండె. నాకు తెలుసు. తింటున్నోడు ముద్ద ఆపి తల వంచుకుంటుండె. ఒకనాడు దుప్పటి తీస్కపోయి ఎనక పెడుతుంటే నా చెయ్యి పట్టుకున్నడు.

"పిలువకు. పోయినోళ్లను పిలువకు" అన్నడు మెల్లగ.

"నేను పిలుస్తలేను. దానికి సలి పెడుతున్నది."

తెల్లారి చూస్తే దుప్పటి పిండితే నీళ్లు కారేటట్టు ఉంది. వాన లేదు, మంచు లేదు. దాన్ని ఒళ్లె పెట్టుకొని ఏడ్సిన. ఏడుస్తుంటే ఒక మాట తట్టింది. బిడ్డ ఒళ్లంత ఏరు తీస్కపోయింది గద, మరి ఈ సలి యాడిది? అప్పుడు యాదికి వచ్చింది, సీసా. నీళ్లల్ల ఏసిన పన్ను. నా బిడ్డది ఏరు ముట్టనిది అదొక్కటే ఉంది.

పెంటయ్యకు చెప్పకుండ బస్సెక్కిన. పెబ్బేరుల దిగితే ఆ పొద్దు సంత. పశువులు, బేరాలు, దుమ్ము. ఇంకో బస్సు ఎక్కి వనపర్తి చేరేసరికి పొద్దు వాలింది. అడుగంగ అడుగంగ ఒక సందుల పాత బంగ్ల మీద రెండు అర్రలు చూపిచ్చిన్రు. మెట్లెక్కి పోతే డాక్టరమ్మ ఒక్కతే డబ్బాలు సర్దుతున్నది. నన్ను గుర్తు పట్టి నవ్వబోయింది.

"అలివేలు తల్లిని. బిడ్డ ఏట్ల పోయింది. దాని పన్ను ఇయ్యి" అన్న.

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గరికి వచ్చి నన్ను కుర్చీల కూసోబెట్టి నీళ్లు ఇచ్చింది. తర్వాత నేల చూసుకుంట అన్నది.

"అక్కా... ఏ సీసా ఎవరిదో నాకు తెల్వదు."

"నువ్వు తీసుకున్నవ్, నీకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది?"

"పేర్లు తీసేస్తమక్కా. సీసా మీద నంబరే ఉంటది. ఎవరిదో తెలిస్తే పరీక్ష చేసేటోళ్ల మనసు ఒక దిక్కు మొగ్గుతదని గట్ల చేస్తరు. ఏ నంబరు ఎవరిదో పట్నంల మా సారు దగ్గర తాళమేసి ఉంటది. పనంత అయ్యేదాక తీయొద్దు."

"ఎప్పుడయితది?"

"రేపు పొద్దుగాల సీసాలన్నీ పట్నం పోతయ్. ఆడ... పొడి చేస్తరు."

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. "కురుమూర్తి జాతరల కొండెక్కి, తలనీలాలిచ్చి పెట్టిన పేరు. అది తీసేసి నంబరు ఏసిన్రా? నీ కడుపున ఒకరు పుడితే గప్పుడు తెలుస్తది నీకు!" అని అరిసిన. పాపం ఆ పిల్ల ఫోను తీసి వాళ్ల సారుకు చేసింది. అర్ర మూలకు పోయి బతిమాలింది. ఫోను పెట్టేసి వచ్చేసరికి మొఖం పాలిపోయింది.

"ఒద్దంటుండు. ఒక్క సీసా తగ్గినా మొత్తం మళ్ల మొదటి నుంచి చెయ్యాలంట."

"ఏడ పెట్టినవ్ వాటిని?"

ఆమె గోడ దిక్కు చూసింది. ఆడ తెల్లటి ఫ్రిజ్ గుర్రుమంటున్నది.

"ఫ్రిజ్‌లనా? సలిల పెట్టినవా నా బిడ్డను?"

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ గుర్రుమనేది ఆగింది. కింద సందుల ఎవరో తలుపు ఏసుకున్నరు. కిటికీల నుంచి జరంత బూడిద ఎలుగు. ఇద్దరం గట్లనే కూసున్నం. యాడ సప్పుడు లేకుండె. తర్వాత...

టక.

ఫ్రిజ్ లోపల నుంచి.

టక టక... టక టక టక...

"లారీ... పోతుందేమో" అన్నది ముబషిరా. గుసగుసగ. ఆ సందుల సైకిలే కష్టంగ తిరుగుతది.

"తలుపు తియ్యి బిడ్డా."

"నాకు బుగులైతుందక్కా."

నేనే లేసి తీసిన. సల్లటి గాలి మొఖానికి కొట్టింది. దాంట్ల మందు వాసన లేదు. ఒండ్రుమట్టి వాసన ఉంది. అరల నిండ సీసాలు, వరుసలు వరుసలుగ. ఎంతమంది పిల్లలవో. అన్నీ కదలకుండ ఉన్నయ్. కింది అరల, మూలకు, ఒక్కటి... ఒక్కటే వణుకుతున్నది. లోపల పన్ను గాజుకు కొట్టుకుంటున్నది. టక టక టక...

చెయ్యి పెట్టి తీసిన. మంచుగడ్డ పట్టుకున్నట్టే ఉండె. కొంగుల సుట్టి, రవికెల పెట్టుకొని, రెండు చేతులతోని రొమ్ముకు అదుముకున్న.

"అయిపాయె అలివేలు... అయిపాయె తల్లీ. అమ్మ వచ్చింది గద."

మెల్లమెల్లగ వణుకు తగ్గింది. పాలు తాగి నిద్రపోయే ముందు పసిబిడ్డ గట్లనే నిమ్మళిస్తది. ఆగింది.

కరెంటు వచ్చింది. సీసా బయటికి తీసి చూసినం. పొద్దున దాక తేటగ ఉండెనంట ఆ నీళ్లు. ఇప్పుడు ఎర్రటి వరద నీళ్లు. అడుగున ఇసుక.

ముబషిరా ఫ్రిజ్‌కు ఒరిగి కింద కూలబడ్డది. కలిమా చదువుకుంట ఏడ్సింది. "తీస్కపో అక్కా. నా చదువు ఏమైనా కానీ, తీస్కపో" అన్నది. నేను తిట్టిన నోటితోనే ఆ పిల్ల నెత్తి నిమిరిన. ఆ రాత్రి వాళ్ల ఇంట్లనే పడుకోమని అన్నం పెట్టింది. తెల్లారి బస్సు ఎక్కిచ్చింది.

మరునాడు మాపటికి ఏటి ఒడ్డుకు పోయినం. పెంటయ్య గుంత తవ్విండు. సీసా పగలగొట్టి, పన్నును పసుపు గుడ్డల పెట్టి, పాలు పోసి, మన్ను కప్పినం. పెంటయ్య అప్పటిదాక ఒక్క కన్నీటి సుక్క రాల్చలె. మన్ను కప్పినంక ఆ మన్ను మీద బోర్ల పడి ఎద్దు రంకె ఏసినట్టు ఏడ్సిండు.

ఆ మాపు సప్పుడు రాలె. ఆ తెల్లారి గూడ రాలె. పెంటయ్య ఒళ్లు తెల్వకుండ నిద్రపోయిండు. ఊరోళ్లు మంచిపని చేసినవన్నరు.

నేను అడిగిందే నాకు దొరికింది. మరి నాకు ఎందుకు నిద్ర పట్టలె? పొయ్యి ముట్టిస్తుంటే చెవులు షెడ్డు ఎనకనే ఉంటుండె. గాలి ఇసిరితే లేసి పోతుంటి. ఏం లేదు. దుప్పటి పెడితే పొడిగనే ఉండె. సలికి వణికితే వణికింది, ఉన్నది గద అప్పుడు! నా బిడ్డ నా ఇంటెనక ఉన్నది గద! నా చేతులార నేనే పంపించిన. ఇంగ నాకు ఏమున్నది?

ఎండలు ముదిరినంక ఒకనాడు నడి పగటియాళ్ల నేను ఒక్కదాన్నే ఏటికి పోయిన. ఎందుకు పోయిననో అడగకుండ్రి. ఆ పన్నును మళ్ల తెచ్చుకొని పుస్తెలతాడుకు కట్టుకుందామనుకున్న. చుట్టుముట్టు నేల నెర్రెలు ఇచ్చింది. గుంత మీది మన్ను మాత్రం మెత్తగ, తడిగ ఉంది. చేతులతోనే తవ్విన.

పసుపు గుడ్డ లేదు.

ఇంకొంచెం లోపలికి పెట్టిన చెయ్యి. వేలికి తగిలింది. గట్టిగ, నున్నగ. పట్టి లాగితే రాలె. మన్ను పక్కకు జరిపిన. ఒక్కటి కాదు. దాని పక్కన ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి... తెల్లగ, వరుసగ, వంపు తిరిగి. నడుమ ఎక్కడ సందు లేదు.

నేను పాతింది ఒక్కటే.

ఎండల కూసున్నదాన్ని గడగడ వణికిన. ఏలు ఇంకా ఆ వరుస మీదనే ఉంది. అప్పుడు మెల్లగ... నొప్పి కాకుండ... చిన్నప్పుడు పాలు తాగుకుంట పట్టినట్టు... ఏలును పట్టింది.

ఎంతసేపు గట్ల ఉన్ననో తెల్వదు. ఇడిసినంక మళ్ల మన్ను కప్పిన. పెంటయ్యకు చెప్పలె, ఇప్పటి దాక ఎవరికి చెప్పలె. మన్ను మాత్రం తొక్కలె. పలసగనే కప్పిన. పైకి వచ్చేటప్పుడు బిడ్డకు బరువు కావొద్దు గద.