ఏడవకూడని ఇల్లు

పొద్దున్నే లేచి ముఖం కడుక్కోకముందే సముద్రం వైపు చూడడం మాలకొండమ్మకు అలవాటు. మొగుడు ముత్యాలయ్య వేటకు పోయిన రోజుల్లో ఆ చూపు ఒకసారితో ఆగదు. కళ్ళాపి చల్లుతూ ఒకసారి, పొయ్యి రాజేస్తూ ఒకసారి, ఏ పనీ లేకపోయినా ఊరికే గుమ్మంలోకి వచ్చి ఇంకోసారి. వారంలో వస్తానని చెప్పి, పక్క పల్లె పడవలో పులికాటు వైపు పోయిన మనిషికి ఆ రోజుతో పదమూడు రోజులు. కబురు లేదు. ఎవరినైనా అడుగుదామంటే తోడు పోయిన ముగ్గురూ తమ ఊరు మైపాడు వాళ్ళు కారు. అసలు అడగనే కూడదు. పడవ నీళ్ళ మీద ఉండగా ‘ఎప్పుడొస్తాడు’ అని నోరు జారినా ఆ ఇంట్లో తప్పే.

ఆ ఇంట్లో తప్పులకు కొదవ లేదు. అన్నిటికంటే పెద్ద తప్పు ఏడవడం. పదహారేళ్ళ కిందట కొత్త కోడలుగా గడప దాటుతూ, పుట్టిల్లు గుర్తొచ్చి మాలకొండమ్మ ముక్కు ఎగబీలిస్తే, ముత్తైదువలు హారతి ఇస్తుండగానే వెనక నుంచి అత్త ముసలమ్మ చెప్పేసింది: “అమ్మే, ఇది పడవ మీద బతికే ఇల్లు. ఈడ ఏడవకూడదు.” తర్వాత తల్లి పోయినప్పుడు కూడా “ఏడ్చేదంతా ఆడనే ఏడ్చి రా” అని పుట్టింటికి పంపింది. మాలకొండమ్మ మూడు రోజుల్లో ఆ పని ముగించుకుని పొడి కళ్ళతో తిరిగొచ్చింది.

ముసలమ్మ అనేది అమ్మవారి పేరు. అందుకని ఆవిడ ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ముసలమ్మే. ఇప్పుడు యాభై దాటి పేరుకు న్యాయం చేస్తోంది. రోజంతా గోడకు ఆనుకుని కూర్చుని వల అతుకుతూ, నోరు తెరవకుండా ఒకే రాగం లోలోపల తీసుకుంటూ ఉంటుంది. ఆ రాగానికి మాటలున్నాయని ఎవరూ అనుకోలేదు.

ఆ పొద్దున ఆ రాగమే తొట్టి దగ్గర స్నానం చేస్తున్న కొడుకు గంగాధరం నోట్లోంచి వినబడింది. ఐదు మైళ్ళ అవతల పేట హైస్కూల్లో వాడు తొమ్మిదో తరగతి. ఎల్లుండి శనివారం స్కూలు వార్షికోత్సవం. తెలుగు అయ్యవారు పద్మనాభయ్యగారు స్వయంగా రాసి, హార్మోనియం మీద బాణీలు కట్టిన సంగీత నాటకంలో వాడిది రాణి వేషం. పందొమ్మిది వందల అరవై ఒకటిలో ఆ స్కూల్లో ఆడపిల్లల్ని మగపిల్లలతో స్టేజీ ఎక్కించే ధైర్యం ఎవరికీ లేదు. గొంతు ఇంకా మారని కుర్రాడు ఎవడు దొరికితే వాడే రాణి. మాలకొండమ్మకు అందులో చిన్నతనమేమీ కనిపించలేదు. చేపల తట్ట దించిన ప్రతి గుమ్మంలోనూ ‘మావాడు రాణి’ అని చెప్పి మురిసిపోయింది.

వాడి గుడ్డసంచిలో సద్దిగిన్నె పెడుతుంటే చేతికి ఏదో గలగలమని తగిలింది. తీసి చూస్తే పాత పేలికలో ఆరు పచ్చగాజులు.

“ఏందిరా ఇవి?”

“నాటకానికి.”

“వేసుకునేదానికా?”

గంగాధరానికి అబద్ధం అతకడం రాదు. “వేసుకునేదానికే అమా. తర్వాత పగలగొట్టేదానికి. రాజు సముద్రం మీద పోయి చచ్చిపోయినాడని కబురొస్తాది. అప్పుడు రాణి ఏడస్తా పాట పాడి గాజులు పగలగొట్టుకుంటాది.”

మాలకొండమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. పెట్టకపోతే జారిపోయేది.

“మీ నాయన యాడుండాడురా ఇప్పుడు?”

“నాటకం అమా! కడాకు రాజు తిరిగొస్తాడు. ఏడుపుతో అయిపోతే హెడ్మాస్టరుగారికి పడదంట.”

“తిరిగొచ్చేది నాటకంలో రాజు! మన మనిషి నీళ్ళ మీద ఉండగా, ఈ ఇంటి బిడ్డ తాళి తెగిన ఏడుపు ఏడస్తాడా? గాజులు పగలగొడతాడా? నోట్లోంచి ఆ మాట ఎట్టా వచ్చిందిరా నీకు?”

గాజులు తీసి కొంగున ముడేసుకుంది. వాడు సద్దిగిన్నె ముట్టకుండా సంచి భుజాన వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ పోయాడు. గోడ దగ్గర ముసలమ్మ తలెత్తలేదు. వల అతికే సూది మాత్రం కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది.

ఆ రోజు మాలకొండమ్మ తట్టలో చేపలు తొందరగానే అమ్ముడుపోయాయి. ఖాళీ తట్ట చంకన పెట్టుకుని నేరుగా స్కూలుకు పోయింది. పద్మనాభయ్యగారు వరండాలో అట్టలతో చేసిన రాజమహలు స్తంభాలకు రంగు వేయిస్తున్నారు.

“అయ్యవారూ, మా వాడికి ఈ వేషం వద్దు.”

విషయం విని ఆయన చెయ్యి తుడుచుకున్నారు. బాగా చదువుకున్నవాడైనా ఆయన నవ్వలేదు. “గాజులు లేకుండా కానిద్దామమ్మా. ఊరికే చేతులు కొట్టుకుంటాడు. కానీ ఆ పాట తీసెయ్యమనకు. ముందు నేనే ఒకటి రాశాను. విని నా భార్య, రాణి ఏడ్చినట్టు లేదు, పండితుడు పాఠం చెప్పినట్టుందంది. అప్పుడు మీవాడు, మా అవ్వ పాట ఒకటుంది అయ్యవారూ అని ఇది పాడాడు. నేను రాసింది చింపేశాను.”

“అవ్వ పాటా? దానికి మాటలు యాడియ్యి?”

ఆయన నోటుపుస్తకం తెరిచి, పాడకుండా మెల్లగా చదివారు.

“సంగటి చల్లారె, పులుసు చల్లారె,
ఎదురుచూపొకటే చల్లారలే.
అలకు అలుపొచ్చె, గాలికి నిద్దరొచ్చె,
నా కంటికి సెలవు ఎవురిచ్చేరో.”

మాలకొండమ్మకు అది తన మనసులో మాట ఎవరో దొంగిలించి రాసుకున్నట్టే ఉంది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. ఐదు మైళ్ళ దారి పొడవునా ఆ కోపాన్ని చల్లారనివ్వకుండా మోసుకొచ్చి, ఇంట్లో అడుగు పెడుతూనే దించేసింది.

“అత్తా! మా అమ్మ పోతే కూడా ఈ గడపలో నా కన్ను తడవనియ్యలా నువ్వు. ఈ పొద్దు వాడికి ఏడుపు నేర్పించి ఊరి ముందర నిలబెడతావా? నీళ్ళ మీద ఉండేది ఎవురు? నా మొగుడు!”

“నా కొడుకు” అంది ముసలమ్మ. సూది పక్కన పెట్టింది. “నాకు భయం లేదనుకున్నావా? ఆ గాజులు ఇట్టా తే. అవి నావి.”

మాలకొండమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

ముత్యాలయ్యకు రెండేళ్ళప్పుడు వాళ్ళ నాయన పోలేరయ్య వేటకు పోయి తిరిగి రాలేదని ఊరందరికీ తెలుసు. పడవ రాలేదు, పడవ చెక్కా రాలేదు, మనిషీ రాలేదు. మాలకొండమ్మకు తెలిసిందీ అంతవరకే. ఈ ఇంట్లో దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు.

“కన్నీళ్ళు పెడితే పోయినట్టేనన్నది మా అత్త” అంది ముసలమ్మ. “నువ్వు ఏడిస్తే వాడు పోతాడు, ఏడవకపోతే వస్తాడు అన్నది. పన్నెండేండ్లు బొట్టు పెట్టుకున్నా, పూలు పెట్టుకున్నా. రోజూ ఆయనకని ముద్ద తీసి పెట్టినా. నవ్వమంటే నవ్వినా కూడా. పన్నెండేండ్లు నిండినాక పెద్దోళ్ళు కూర్చోని, ఇంక రాడులే అన్నారు. చేతికి నూనె రాసి గాజులు తీసినారు. ఎవురూ ఏడవలా. అందరి ఏడుపూ ఎప్పుడో అయిపోయింది. నాది మొదలే కాలా.”

“మరి ఈ గాజులు?”

“రేవులో పగలగొట్టి రమ్మన్నారు. పోయినా. చెయ్యి రాలా. తెచ్చి వల పెట్టెలో అడుగున దాచినా.” కోడలి ముఖంలోకి చూసింది. “ఏడవకుండా ఉన్నానే, వచ్చినాడా అమ్మే?”

“మరి నన్నెందుకు ఏడవద్దన్నావు?” అని అడిగింది మాలకొండమ్మ.

“భయం. మా అత్త నాకిచ్చింది, నేను నీకిచ్చినా. వేరే ఏముంది ఈ ఇంట్లో ఇచ్చేదానికి? ఈ పిల్లోడు వచ్చి, ఆ రాగానికి మాటలుండాయా అవ్వా అన్నాడు. ఇన్నేండ్లలో ఒక్కరూ అడగలా. పాట నేర్పినా, గాజులూ ఇచ్చినా. రాణి పేరున వాడు ఏడిస్తే, ఒకసారి నా చెవులతో వినాలనుకున్నా. నీకు వద్దంటే వద్దు. నీ మొగుడు.”

మాలకొండమ్మ కొంగు ముడి విప్పలేదు. శుక్రవారమంతా చేసే పని చేతిలో ఉండగానే ఇంకో పనికి లేచింది. చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. సముద్రం వైపు ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. గాజులు పగిలితే ముత్యాలయ్యకు ఏమవుతుందో అని ఒక గుబులు. పగలకపోతే ఆ గోడ దగ్గర రాగం ఎప్పటికీ ఆగదేమోనని ఇంకో గుబులు. రేపు తానూ ఆ గోడకే ఆనుకుని, ఆ రాగమే తీస్తూ కూర్చోవలసి వస్తే? ఆ ఆలోచన వచ్చాక కూర్చున్న చోట కూర్చోలేకపోయింది.

దూరం పిల్లలు చీకటి పడకముందే ఇళ్ళు చేరాలని శనివారం నాటకాన్ని మూడింటికే పెట్టారు. మధ్యాహ్నం ముసలమ్మ ఇంకా వల ముందే కూర్చుని ఉంది.

“లే అత్తా. చీర మార్చుకో. బండి మాట్లాడినా” అంది మాలకొండమ్మ.

స్కూలు వెనక గదిలో గంగాధరం పౌడరు ముఖంతో, హెడ్మాస్టరుగారి భార్య పట్టుచీరలో, ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు. తల్లిని చూసి హడలిపోయాడు.

“నేను పగలగొట్టను అమా, ఊరికే...”

“చెయ్యి ఇట్టా తే.”

తెచ్చిన కొబ్బరినూనె వాడి చేతులకు రాసింది. తెడ్డు పట్టిన వంశం, ఎముకలు మోటు. గాజుల మనిషి ఒత్తినట్టే వేళ్ళు దగ్గరకు కూర్చి ఒత్తి, ఒక్కొక్కటే ఎక్కించింది. ఆరూ ఎక్కేసరికి తల్లికీ కొడుక్కీ చెమటలు పట్టాయి.

“అవ్వ మూడో వరసలో కూర్చోని ఉండాది. ఆమెకు వినబడేటట్టు పాడు” అంది.

తాటాకు పందిట్లో జనం కిటకిటలాడుతున్నారు. ముందు కుర్చీల్లో పేట పెద్దలు, వెనక చాపల మీద మైపాడు ఆడవాళ్ళు. కబురొచ్చింది, రాణి కుప్పకూలింది, హార్మోనియం ఎత్తుకుంది. “సంగటి చల్లారె” అని గంగాధరం అందుకోగానే పందిట్లో పిల్లల అల్లరి సద్దుమణిగింది. వాడు అవ్వ లాగే తల ఒక పక్కకు వాల్చి పాడాడు. ‘నా కంటికి సెలవు ఎవురిచ్చేరో’ అని లేచి, చేతులు రెండూ స్తంభానికేసి కొట్టాడు.

అట్ట స్తంభం. అది సొట్టపోయింది గాని గాజులు చెక్కుచెదరలేదు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. పోనీలే, పగలకపోతేనే మంచిదని మాలకొండమ్మ ఒక్క క్షణం అనుకుంది కూడా. గంగాధరం మోకాళ్ళ మీద కూలబడి, స్టేజీ చెక్కకేసి మళ్ళీ కొట్టాడు. పచ్చ ముక్కలు ముందు కుర్చీల దాకా ఎగిరాయి.

అప్పుడు లేచింది ముసలమ్మ కేక. “నా దొరో!” అని ఒక్క అరుపు, దాని వెనక ఏడుపు. హార్మోనియం తడబడింది. అదీ నాటకంలో భాగమేనని చాలామంది అనుకున్నారు. మైపాడు ఆడవాళ్ళు మాత్రం అనుకోలేదు. ఒక్కరూ ఆమెను ఊరుకోమనలేదు. మాలకొండమ్మ అత్తను ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. తను మాత్రం ఏడవలేదు. ఎంత ఏడవాలనిపించినా, ముత్యాలయ్య ఇంకా నీళ్ళ మీదే ఉన్నాడు.

స్టేజీ మీద రాజు తిరిగొచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. “రాజొచ్చినాడు, చూడు అత్తా” అంది.

“రానీలే” అంది ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “మన పిల్లోడు బాగా ఏడ్చినాడు.”

ఆదివారం గోడ దగ్గర రాగం వినబడలేదు. సోమవారమూ లేదు. ఆ నిశ్శబ్దానికి మాలకొండమ్మ మరీ నిలవలేక, పదిసార్లు ఇసుక దిబ్బ ఎక్కి దిగింది. గాజులు తొడిగింది తన చేతులే. ఏమన్నా జరిగితే ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తోచలేదు.

మంగళవారం పొద్దున కళ్ళాపి చల్లుతూ తలెత్తితే, దిబ్బ మీద నుంచి నెత్తిన మూటతో ఒక మనిషి దిగి వస్తున్నాడు. గడ్డం మాసి, ఎండకు మాడిపోయి, ముత్యాలయ్య. తెరచాప చినిగి దుగరాజపట్నం రేవులో చిక్కుబడిపోయినామని దూరం నుంచే కేకేసి చెబుతున్నాడు. మాలకొండమ్మ చేతిలో చెంబు వదిలేసి, పేడనీళ్ళలోనే వాకిట్లో కూలబడింది. పదహారేళ్ళ ఏడుపు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. తల్లి కోసం మిగిలిందీ, మొగుడి కోసం దాచిందీ, అంతా కలిసి వీధి చివర దాకా వినబడింది.

ఆ ఇంట్లో ఏడుపు విని ఎరగని ముత్యాలయ్య మూట అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో కొడుకును చూశాడు, తల్లిని చూశాడు. అందరూ ఉన్నారు.

“ఏమైంది అమా? ఎవురు పోయినారు?”

ముసలమ్మ కోడలి పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతోంది.

“మీ నాయన పోయినాడురా” అంది. “మొన్న శనివారం ఏడ్చినాం.”