ఉల్టా ఫోర్కులు

డాక్టర్ భరద్వాజ్ శవం హజీరా రోడ్డు డివైడర్ పక్కన వెల్లకిలా పడి ఉంది.

తోలు జాకెట్. మోకాళ్లకు కవచాలు. చేతులకు గ్లోవ్స్. సూరత్ ఉక్కలో మనిషి ఉడికిపోయే వేషం. వాటిలో ఏదీ అక్కరకు రాలేదు. మెడ విరిగింది.

ఆదివారం. ఉదయం ఆరున్నర.

శవం చుట్టూ అదే వేషంలో మరో పదిమంది నిలబడ్డారు. తాపీ తెలుగు రైడర్స్ క్లబ్బు సభ్యులు. డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ మేనేజర్లు. వారమంతా ఏసీ గదుల్లో కూర్చుని, ఆదివారం మాత్రం వీరులయ్యే జాతి. ఒకడు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నాడు. ఇద్దరు వీడియో తీస్తున్నారు.

సాయంత్రానికల్లా పోలీసులు వడోద్‌లో ఒక మెకానిక్‌ని పట్టుకున్నారు. డాక్టర్ బైకుకి ముందు రోజే కొత్త ఫ్రంట్ ఎండ్, అంటే ముందు చక్రం భాగమంతా, బిగించినవాడు. పేరు నరేశ్.

సోమవారం ఉదయం మౌక్తిక పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది.

ఆమె ఇన్సూరెన్స్ కంపెనీ ఇన్వెస్టిగేటర్. పదేళ్లుగా సూరత్‌లో యాక్సిడెంట్ క్లెయిములు చూస్తోంది. అబద్ధాలు వినీ వినీ ఆమెకి మనుషుల మీద కోపం పోయింది. చులకన మిగిలింది.

"కేస్ ఖతమ్ మేడం," అన్నాడు ఎస్సై ఓంకార్. సూరత్‌లోనే, ఉధ్నాలో పుట్టి పెరిగిన తెలుగువాడు. "నాలుగింటికి మెకానిక్‌ని మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నాం. బండి మోడిఫికేషన్‌లో లోపం ఉందని మీ రిపోర్ట్‌లో ఒక్క లైన్ రాస్తే చాలు. వాడు లోపలికి, దుకాణానికి సీలు."

"బండి చూడకుండానే రాయాలా?"

"చూడ్డానికి ఏముంది? క్లబ్ కెప్టెన్ సుమన్ గారు కళ్లారా చూశారు. క్లబ్బంతా ఫిర్యాదు మీద సంతకాలు పెట్టింది. పెద్ద మనిషి. ఐటీ కంపెనీలో మేనేజర్."

"అయితే నిజమే చెప్పి ఉంటాడు," అంది మౌక్తిక.

ఆ మాటలో వెటకారం ఓంకార్‌కి అందలేదు. చాయ్ తెప్పించాడు.

గేటు దగ్గర ఒక ముసలామె నేల మీద కూర్చుని ఉంది. మౌక్తికని చూసి లేచింది.

"బిడ్డా, నువ్వేనా కంపెనీ మేడంవు? నా పేరు నర్సవ్వ. లోపలున్నోడు నా కొడుకు. నువ్వు ఏది రాస్తే గదే అయితదంట గదా?"

"అదే అవుతుందమ్మా."

"మరి చూసి రాయి."

స్టేషన్లో ఇప్పటిదాకా తెలివైన మాట ఇదొక్కటే అనుకుంది మౌక్తిక.

లాకప్‌లో నరేశ్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాతికేళ్లుంటాయి. ముఖంలో భయం కంటే చిరాకు ఎక్కువ ఉంది.

"డాక్టర్ బండికి ఏం చేశావ్?"

"ఏం జెయ్యలేదో అడుగు మేడం. అగ్గిపుల్లలసొంటి షాకప్‌లుండె దానికి. బ్రేక్ కొడితే ముక్కు నేలకు రాస్తుండె. పెద్ద బండి ఫ్రంట్ ఎండ్ మొత్తం దింపిన. ఉల్టా ఫోర్కులు, పెద్ద డిస్క్, వెడల్పు రిమ్."

"టైర్లు?"

"ముందట కొత్త రేడియల్ ఏసి, ఎనక పాతదే ఉంచుమన్నడు డాక్టర్ సాబ్. బండి తీస్కపో అన్న. ముందటిది ఒక తీరు, ఎనకది ఇంకో తీరు వంగితే మలుపుల బండి ఎటు వోతదో ఎవనికెరుక? గంత చదివిండు, గిది తెల్వదు."

"తర్వాత?"

"క్లబ్బోళ్ల దగ్గర విదేశీ మాల్ దొరుకుతదని ఒక జోడీ మోస్కొచ్చిండు. పక్కన తారీఖు గీకేసి ఉన్నది. బొటనవేలితోని నొక్కితే పగుళ్లు. ఎన్నేండ్లు గోదాంల వడి ఉన్నయో! మొఖం మీదనే నవ్విన. సాబ్‌కు మస్తు కోపమొచ్చింది. దుకాణానికి పోయి ఒక్క కంపెనీవి, ఒక్క జోడీవి కొత్తయి కొనుక్కొచ్చిండు. అయ్యే ఏసిన."

"ఆ పాత జోడీ అమ్మిందెవరు?"

"పేరు చెప్పలే. నేనడగలే."

"ఇదంతా పోలీసులకి చెప్పావా?"

"ఎవడడిగిండు? దస్తఖత్ పెట్టు అన్నరు, గంతే."

మౌక్తిక బయటికి వచ్చేసరికి డాక్టర్ భార్య శ్రీప్రియ బెంచీ మీద ఉంది. ఆమె కూడా డాక్టరే. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"ఆ బండంటే నాకు అసహ్యం," అంది. "చంటిపిల్లని తుడిచినట్టు తుడిచేవాడు. శనివారం ఇంటికొచ్చి ఒకటే నవ్వు. రేపు టిఫిన్ దగ్గర ఒకడి మొహం చూడాలి, అందరి ముందూ అడుగుతాను అన్నాడు."

"ఎవడి మొహం?"

"చెప్పలేదు. నేనూ వినిపించుకోలేదు. బండి గోల కదా అని."

డాక్టర్ బైకు స్టేషన్ ఆవరణలోని రేకుల షెడ్డులో స్టాండు వేసి ఉంది. కుడివైపు పడింది. అటువైపు అంతా గీసుకుపోయింది. ఎడమవైపు భద్రంగా ఉంది. ముందు బ్రేక్ డిస్క్ కూడా ఎడమవైపే.

మౌక్తిక మోకాళ్ల మీద కూర్చుంది. డిస్క్ నిండా నూనె మడ్డి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఎడమ ఫోర్కు పై గొట్టం చుట్టూ నూనె చారలు. అదే ఫోర్కు అడుగున, చక్రం ఇరుసు దగ్గర, పసుపు రాసి పెట్టిన కుంకుమ బొట్టు. ఆమె టైరు మీద అరచేతితో నిమిరింది. మధ్యలో ఒకసారి. అంచున ఒకసారి.

లేచి చేతులు తుడుచుకుంది.

"ఓంకార్ గారూ, సుమన్‌ని పిలిపించండి. క్లబ్బు మొత్తాన్నీ. బైకులతో సహా."

"ఎందుకు మేడం? మూడింటికి మేం కోర్టుకి బయల్దేరాలి."

"రెండింటికి పిలిపించండి. బైకుల మీద రమ్మంటే పరిగెత్తుకొస్తారు. వాళ్లకి ఇంకేం పని?"

నిజంగానే వచ్చారు. రెండింటికి స్టేషన్ ఆవరణలో పది బైకులు వరసగా నిలిచాయి. నరేశ్‌ని బయటికి తెచ్చారు. నర్సవ్వ గేటు దాటి లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. శ్రీప్రియ షెడ్డు నీడలో నిలబడింది.

సుమన్ ముందుకొచ్చాడు. నలభై ఏళ్లు. ఖరీదైన గడ్డం. ఛాతీ మీద కెప్టెన్ అని బ్యాడ్జి.

"పోలీస్ స్టేషన్‌కి కూడా బ్యాడ్జి పెట్టుకొచ్చారా?" అంది మౌక్తిక. "సరే. చెప్పండి. ఎలా పడ్డాడు?"

"వంపులో రేసర్ లాగా బండిని పడుకోబెట్టాడండీ. మోకాలు రోడ్డుకి తగిలేంత. టైర్ జారింది."

"మీరెక్కడున్నారు?"

"సరిగ్గా వెనకే. మిగతావాళ్లు చాలా దూరంలో ఉన్నారు."

"అంటే చూసింది మీరొక్కరే."

"అవునండీ, దురదృష్టం."

మౌక్తిక ముందు టైరు చూపించింది. "కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి. రోడ్డుకి తగిలిన చోట అరిగిపోతాయి. ఓంకార్ గారూ, మధ్యలో చెయ్యి పెట్టండి."

"నున్నగా ఉంది."

"ఇప్పుడు అంచున."

"ఉన్నాయి మేడం. రెండువైపులా ఉన్నాయి."

"దువ్వెన ఉంటే దువ్వుకోవచ్చు. బండి వాలిస్తే రోడ్డుకి తగిలేది ఈ అంచు. ఇది రోడ్డు మొహమే చూడలేదు. డాక్టర్ నిటారుగా, పెళ్లికూతురి కారులా నడిపాడు. ఇప్పుడు చెప్పండి కెప్టెన్. మీరు కళ్లారా చూసిందేమిటి?"

సుమన్ గడ్డం గోక్కున్నాడు.

"అంటే... నాకలా అనిపించిందండీ. అసలు కారణం ఆయిల్. తుక్కు ఫోర్కులు వేశాడు వీడు. సీల్ పోయి ఆయిలంతా డిస్క్ మీదికి కారింది. బ్రేక్ పడలేదు."

"నా సీల్ పోయిందా? నీ..." నరేశ్ ముందుకు ఉరికాడు. కానిస్టేబుల్ పట్టుకున్నాడు.

"ఆగు," అంది మౌక్తిక. "సుమన్ గారూ, ఆయిల్ ఎక్కడ కారిందో చూపించండి."

సుమన్ ఉత్సాహంగా వంగాడు. "ఇదిగో, పై గొట్టం చుట్టూ చూడండి. నా బండికి కూడా పోయినేడు సరిగ్గా ఇలాగే కారింది."

"మీ బండి అక్కడుంది కదా. దాని మీద చూపించండి."

సుమన్ తన బైకు దగ్గరికి నడిచాడు. పాత రకం ఫోర్కు. పైన మెరిసే కడ్డీ. కింద లావు గొట్టం. రెండూ కలిసే చోట నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్. కడ్డీ లోపలికీ బయటికీ ఆడుతుంటే, కారిన నూనె కడ్డీకి అంటుకుని పైన కనిపిస్తుంది.

"ఇక్కడ. పైన," అన్నాడు.

"బాగుంది. మీ బండికి మెరిసే కడ్డీ పైనుంది. ఆ బండికి?"

సుమన్ వెనక్కి చూశాడు.

నరేశ్ పగలబడి నవ్వాడు. "ఉల్టా ఫోర్కు సార్ గది! కెప్టెన్ అంట, కెప్టెన్!"

"తలకిందులు," అంది మౌక్తిక. "లావు గొట్టం పైన, మెరిసే కడ్డీ కింద. సీల్ ఆ గొట్టం అడుగు అంచున ఉంటుంది. అది పోతే నూనె కడ్డీ మీదుగా కిందికి జారుతుంది. పై గొట్టం మీదికి ఎక్కదు. మరి ఈ చారలు పైకెలా వచ్చాయి? ఎవరో పూశారు. తన బండి కారినట్టే అన్ని బళ్లూ కారతాయనుకున్న తెలివైనవాడు పూశాడు."

"ఊహలండీ ఇవన్నీ," అన్నాడు సుమన్. "కిందికి కూడా కారే ఉంటుంది. డిస్క్ మీద ఉందిగా!"

"నర్సవ్వా, ఇలా రామ్మా. ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

నర్సవ్వ వంగి చూసింది. "నేనే బిడ్డా. మా దుకాణంల కెల్లి ఎల్లే ప్రతి బండికి పెడ్త. వీడేమో లొల్లి. మెరిసే కడ్డీ ఖరాబైతదంటడు. గందుకే అడుగున పెట్టిన, ఇరుసు కాడ."

"ఎప్పుడు?"

"శనివారం పొద్దు గూకే యాళ్లకు. డాక్టర్ సాబ్ దండం గూడ పెట్టుకున్నడు, పాపం."

మౌక్తిక వేలితో బొట్టు అంచుని తాకింది. పొడి పసుపు రాలింది.

"కడ్డీ మీదుగా ఒక్క చుక్క జారినా ఈ పసుపు తడిసి ముద్దయ్యేది. పొడిగా ఉంది. పైన గొట్టానికి నూనె. పక్కన డిస్క్‌కి నూనె. మధ్యలో బొట్టు పొడి. నూనె ఎగిరి దూకిందా సుమన్ గారూ?"

మౌక్తిక మిగతావాళ్ల వైపు తిరిగింది. "దారిలో ఎక్కడ ఆగారు?"

"హజీరా రోడ్డు ఎక్కేముందు చాయ్ తాగామండీ," అన్నాడు ఒకతను.

"అక్కడ డాక్టర్ బండిని ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ లేదండీ. అంటే... చెకింగ్ మామూలే కదా. కెప్టెన్ ప్రతి రైడ్‌లో అందరి బళ్లూ చూస్తారు. డిస్కులు గుడ్డతో తుడుస్తారు."

"మీరేం చేస్తున్నారు?"

"సెల్ఫీ..."

"తీసుకోవాలి మరి. ఇప్పుడు చేతులెత్తండి. సుమన్ దగ్గర టైర్లు కొన్నవాళ్లు ఎవరెవరు?"

ఒక చెయ్యి లేచింది. తర్వాత మరొకటి. చివరికి తొమ్మిది.

మౌక్తిక బైకుల వరస వెంట నడిచింది. టైరు తయారైన వారం, సంవత్సరం తెలిపే అంకెలు ప్రతి టైరు పక్కనా ఉండాలి. మొదటి బైకుకి అక్కడ గీకిన మచ్చ. రెండోదానికీ అదే. మూడోదానికీ అదే. క్లబ్బు సభ్యులు తమ టైర్ల ముందు వంగి, మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. మొదటిసారే.

"ఇన్ని డిగ్రీలు ఉన్నాయి మీకు," అంది మౌక్తిక. "ఎవరికీ వంగి చూడాలనిపించలేదు. చూసినవాడు నరేశ్. వాడి మీద మీరంతా ఫిర్యాదు ఇచ్చారు. ఆదివారం టిఫిన్ దగ్గర డాక్టర్ ఈ సంగతి అందరి ముందూ అడగబోతున్నాడు. ఆ టిఫిన్ దాకా అతను రాకూడదు. అంతేనా కెప్టెన్?"

సుమన్ తన బైకు సీటు పట్టుకున్నాడు.

"చంపాలనుకోలేదండీ," అన్నాడు. "ఒట్టు. శనివారం రాత్రి ఫోన్ చేసి, రేపు అందరి ముందూ అడుగుతానన్నాడు. పడితే చాలనుకున్నా. రెండు దెబ్బలు తగిలి ఇంటికెళ్తాడు, మెకానిక్‌ని తిట్టుకుంటాడు, ఆ గొడవలో టైర్ల సంగతి మరిచిపోతాడని... ముందున్న ట్రైలర్ లారీ స్లో అయింది. బ్రేక్ పడలేదు. డివైడర్ మీదికి తిప్పేశాడు."

శ్రీప్రియ నీడలోంచి నడిచి వచ్చింది.

"నిన్న నా ఇంట్లో కూర్చుని ఏడ్చావు," అంది. "ఊరుకో అని నేనే నీకు కాఫీ కలిపి ఇచ్చాను."

సుమన్ తల వంచుకున్నాడు. ఆమె చెయ్యి చాచి అతని ఛాతీ మీది బ్యాడ్జి పీకింది. నేల మీద పడేసి వెళ్లిపోయింది.

ఓంకార్ సైగ చేశాడు. కానిస్టేబుల్ సుమన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరడిగిన లైన్ రాస్తున్నాను," అంది మౌక్తిక. "ఫోర్కుల్లో, టైర్లలో ఏ లోపమూ లేదు. కావాలంటే మీ దర్యాప్తు గురించి రెండో లైన్ కూడా రాస్తాను."

"వద్దు మేడం."

"అయితే నరేశ్‌కి దుకాణం తాళంచెవి ఇచ్చి పంపండి."

ఓంకార్ ఇచ్చాడు. ఆ తొమ్మిది బైకుల్ని మాత్రం సాక్ష్యం కింద అక్కడే ఉంచమన్నాడు. క్లబ్బు లబోదిబోమంది.

గేటు బయట క్లబ్బు సభ్యుడొకతను నరేశ్ వెంట పడ్డాడు. బూట్లు మోకాళ్ల దాకా ఉన్నాయి.

"నరేశ్ భాయ్, ఆ ఉల్టా ఫోర్కుల సెటప్ నా బండికి కూడా పడుతుందా?"

"ఫిర్యాదుల మీ దస్తఖత్ ఎన్నోది సార్? మూడోదా, నాలుగోదా?"

అతను హెల్మెట్ పట్టీ సర్దుకున్నాడు.

"ముందుగాల టైర్లు మార్చుండ్రి. ఎనక మాట్లాడుదాం," అన్నాడు నరేశ్. "నా దగ్గర గాదు. ఇంకో దుకాణంల."

షేర్ ఆటో వచ్చి ఆగింది. హెల్మెట్లు చేతిలో పట్టుకుని తొమ్మిదిమంది వీరులు దాని మీదికి తోసుకొచ్చారు. వాళ్లకంటే ముందే నర్సవ్వ ఎక్కేసింది. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. బూట్లతను ఒక కాలు లోపల పెట్టబోయాడు.

నర్సవ్వ మిగిలిన సీటు మీద కాళ్లు బారజాపింది.

"వడోద్," అంది డ్రైవర్‌తో. "పోనియ్యి."