స్పీకరు కింది కిటికీ

"మళ్ళీ కోసేశారు!"

పాటల గది కిటికీ అద్దం మీద స్పానరుతో టకటకా కొట్టి మరీ అంది చక్రాలమ్మాయి. లోపలున్న కుర్రాడు హెడ్‌ఫోనును ఒక చెవి మీంచి పక్కకు జరిపాడు. రింకుకి వచ్చేవాళ్ళందరూ అతన్ని డిస్కు అనే పిలుస్తారు.

"ఏం కోశానండీ?"

"నేనిచ్చిన ఆల్బంలో మూడో పాట. సగంలో ఉండగానే ఇంకెవడో వచ్చి డబడబా బాదేశాడు. ఆ పాట చివరికి ఏమైందో నాకింతవరకూ తెలీదు."

"రింకులో అందరూ నిలబడిపోయారండి. కాళ్ళకు చక్రాలున్నవాళ్ళు నిలబడితే పడతారు. వాళ్ళు పడితే మామయ్య నామీద పడతాడు."

అది అబద్ధం. ఎవరూ నిలబడలేదు, ఎవరూ పడలేదు. ఆ గొంతు అతనికి గిట్టదు, అంతే.

ఆ స్కేటింగ్ రింకు అతని మేనమామది. పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర కొన్ని మెట్ల ఎత్తున పాటల గది, దానికో కిటికీ, ఆ కిటికీ నెత్తి మీదే పెద్ద స్పీకరు. రెండో చివర స్కేట్స్ అద్దెకిచ్చే బల్ల. వానలకి పిల్లలంతా బయట ఆడుకోలేక ఇక్కడికే పరుగెత్తుకొస్తుంటే, పాత స్కేట్స్ అరిగి కీచుమనడం మొదలుపెట్టాయి. అప్పుడు మామయ్య ఈ అమ్మాయిని పిలిపించాడు. ఆమె బల్ల వెనక కూర్చుని, ఒక్కో జత ఒళ్ళో పెట్టుకుని, అరిగిన చక్రం ఊడదీసి కొత్తది బిగించి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పి వింటుంది. చప్పుడు లేకుండా తిరిగితే నవ్వుతుంది. ఆ నవ్వు ఈ చివరనున్న డిస్కుకి కనిపిస్తుంది. కనిపించినప్పుడల్లా అతని చేతిలో పాట తాళం తప్పుతుంది.

మనసులో మాట చెబుదామంటే వీలు చిక్కదు. అతని పద్ధతి అలాంటిది. కంపైలేషన్లంటే ప్రాణం. పదిమంది పాటలు పోగేసిన డిస్కులు గది నిండా దొంతర్లు దొంతర్లుగా ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒక పాట, ఇంకోదాంట్లోంచి ఇంకో పాట ఏరుకుని, రెండు ప్లేయర్ల మీద ఒకదాని తోకని ఇంకోదాని తలకి అతుకు తెలియకుండా అతికిస్తాడు. చెవుల మీంచి హెడ్‌ఫోను దిగదు, మీటల మీంచి చెయ్యి దిగదు. ఆమె ఎప్పుడైనా మెట్లెక్కి వస్తే, "ఒక్క నిమిషం" అని వేలు చూపిస్తాడు. అతుకు వేసి తిరిగి చూసేసరికి మెట్ల మీద ఎవరూ ఉండరు.

అలాంటి అమ్మాయి ఒకరోజు తనంతట తానే ఒక ఆల్బం తెచ్చి కిటికీలోంచి అందించింది. "మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా వెయ్యండి. మధ్యలో ఇంకెవరూ వద్దు."

అట్ట మీద పాటగాడు ఒక్కడే ఉన్నాడు. ఉంగరాల జుట్టు నుదుటి మీద వేలాడేసుకుని, చొక్కా పైగుండీలు విప్పుకుని, లోకంలోని బాధంతా తన పేర రాయించుకున్నవాడిలా కళ్ళు మూసుకుని. డిస్కుకి ఒళ్ళు మండింది. 'మధ్యలో ఇంకెవరూ వద్దు' అన్న ముక్క అతని చెవిలో ముల్లులా ఉండిపోయింది.

అప్పట్నుంచి ఇదే రగడ.

"డాన్సుకి కంపైలేషనేనండీ," అన్నాడు ఇప్పుడు కూడా. "పదిమందీ తలా ఒక మంచి పాట తెస్తారు. మీవాడు ఒక్కడే అన్నీ పాడేస్తాడు. రెండు బాగుంటాయి, మిగతాదంతా వాడి గోడు."

"మావాడా?"

"మరి నావాడా? కొనుక్కొచ్చింది మీరు."

"గోడు వినే ఓపిక కూడా ఉండాలండీ. మీకేది? కాస్త నచ్చేలోపు పక్కదాని మీదికి గెంతుతారు. మనుషులతో కూడా ఇంతేనా?"

"నేనా? అసలు నేను..." అంటూండగానే పాట ఆఖరికొచ్చింది. అలవాటుగా వేలు లేచింది. "ఒక్క నిమిషం."

"తెలుసు," అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు డిస్కు జుట్టు నుదుటి మీదికి దువ్వుకుని వచ్చాడు. ఉంగరాలు తిరగలేదు సరికదా, కళ్ళలో పడింది. మామయ్య చూసి, "ఏరా, గొడుగు మర్చిపోయావా?" అన్నాడు.

జుట్టు సంగతి ఎలా ఉన్నా, అసలు మంట వేరే ఉంది. మిగతా ఏ పాటకీ ఆమె తలెత్తేది కాదు. వాడి గొంతు వినపడితే చాలు, స్పానరు పక్కన పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, స్పీకరు వైపు అలా చూస్తూ ఉండిపోయేది. ఒక చెక్కపెట్టెను చూసి కుళ్ళుకున్న మగవాడు తానొక్కడేనేమో అనుకునేవాడు డిస్కు. వెంటనే మీట తోసి, ఆ గొంతు పీక నొక్కేవాడు. ఆమె తల దించేసేది. అతనికి హాయిగా ఉండాల్సింది, ఉండేది కాదు.

బల్ల వెనక అరలో అరిగిన జతలు రోజురోజుకీ తగ్గిపోయాయి. ఆదివారం నాటికి అర ఖాళీ అయింది.

ఆ మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చింది. చేతిలో స్పానరు లేదు.

"మీ స్కేట్సన్నీ అయిపోయాయి. రేపట్నుంచి వేరే ఊళ్ళో రింకు. వెళ్ళేముందు ఒక్కటే అడుగుతున్నా. ఆల్బం మొత్తం వెయ్యండి. కొయ్యకుండా."

"అంతిష్టమా వాడంటే?" మాట నోరు జారింది.

ఆమె అతన్నీ, అతని జుట్టునీ ఎగాదిగా చూసింది. "వేస్తారా, వెయ్యరా?"

వేశాడు. చేతులు కట్టుకుని ప్లేయరు పక్కనే కూర్చున్నాడు. రేకుల మీద వాన తనకు తోచిన తాళం వేస్తోంది. మొదటి రెండు పాటలకూ పిల్లలు గిరగిరా తిరిగారు. మూడోది నెమ్మదిగా ఏడుస్తూ మొదలవగానే ఒక్కొక్కరే పక్కకు తప్పుకుని కమ్మీలు పట్టుకున్నారు. రింకు ఖాళీ అయింది. అవతలి చివర ఆమె రెండు గ్లాసుల్లో టీ పోసి, బల్ల మీద పక్కపక్కన పెట్టి, స్పీకరు వైపు చూస్తూ కూర్చుంది.

'వాడికి కూడా టీ పోసింది!' డిస్కు పళ్ళు నూరాడు.

పాటలు ఒకటొకటిగా గడుస్తుంటే మామయ్య రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమిట్రా ఈ ఏడుపు? పిల్లలు టికెట్టు డబ్బులు వెనక్కిమ్మంటున్నారు!"

"ఆమె వెయ్యమంది మామయ్యా."

"ఆ పిల్లా?" మామయ్య కిటికీలోంచి చూశాడు. బల్లనీ, గ్లాసుల్నీ, ఆమెనీ చూశాడు. గొంతు తగ్గించాడు. "మరి నువ్విక్కడేం చేస్తున్నావు?"

"కాపలా."

"దేనికిరా? అదే పాడుకుంటోందిగా. వెళ్ళిపోయే పిల్లకి ఒక మాట చెప్పి రా, పో!"

డిస్కు అట్ట చేతపట్టుకుని రింకుకి అడ్డంపడి విసవిసా నడిచాడు. బల్ల ముందు ఆగి అట్ట చాచాడు.

"ఇదిగో, మీవాడి బొమ్మ. దాచుకోండి."

ఆమె అట్ట అందుకోలేదు. ఒక గ్లాసు అతని వైపు జరిపింది. "చల్లారిపోయింది. ఎప్పుడనగా పోశానో."

"ఇది... వాడికి కాదా?"

"ఎవడికి?"

"వీడికే." అట్ట మీద వేలు పెట్టాడు.

ఆమె అట్టను చూసింది, అతని నుదుటి మీది జుట్టును చూసింది. బల్ల పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"వాడెవడో నాకేం తెలుసండీ! డాన్సు పాటల్లో అన్నిటికన్నా పొడుగాటి ఆల్బం ఏదుంటే అదిమ్మన్నాను. కొట్టాయన ఇది ఇచ్చాడు."

"పొడుగాటిదెందుకు?"

"మీ కంపైలేషన్లు పెట్టుకుంటే మీ చెయ్యి ఖాళీ ఉండదు. ఎన్నిసార్లు మెట్లెక్కినా వేలు చూపించి పంపేశారు. ఇలాంటిదైతే ఒకసారి నొక్కి వదిలెయ్యొచ్చు. గంటసేపు మీతో పనుండదు దానికి. కిందికి దిగుతారనుకున్నా. మీరేమో ముక్కలు చేసి మీ గుంపులో కలిపేశారు."

డిస్కు అట్ట బల్ల మీద పెట్టేశాడు. అయినా లోపలి ముల్లు ఊరుకోలేదు. "మరి వాడి గొంతు రాగానే స్పీకరు వైపు అలా చూసేవారేం?"

"స్పీకరు వైపా?" ఆమె లేచి, అతన్ని తన స్టూలు మీద కూర్చోబెట్టింది. "ఇప్పుడు చూడండి. ఏం కనిపిస్తోంది?"

దూరంగా నల్లటి స్పీకరు. దాని కింద వెలుగుతున్న కిటికీ. కిటికీలో అతను రోజూ కూర్చునే చోటు.

"ఈసారైనా వదిలేసి దిగుతారేమోనని చూసేదాన్ని," అంది మెల్లగా.

డిస్కు చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేశాడు. అట్ట తిప్పి చూశాడు. ఇంకా రెండే పాటలు. ఈ గొంతు ఆగిపోతుందేమోనని మొదటిసారి భయమేసింది.

"ఆ ఊరు ఎంత దూరం?"

"బస్సులో ఈ ఆల్బమంత."

"అయితే వినుకుంటూ వస్తాను. ప్రతి ఆదివారం."

"కొయ్యకుండా?"

"కొయ్యకుండా. పదిమందిలోంచి ఏరుకోవడమే నా పనండీ. మీరొచ్చాక మిమ్మల్ని తప్ప ఎవర్నీ ఏరుకోలేదు. ఇష్టం. చాలా ఇష్టం. ఆ చెక్కపెట్టె మీద కుళ్ళుకునేంత ఇష్టం."

ఆమె చెయ్యి చాచి, అతని నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది. "ఇది మాత్రం వద్దు. నీ కళ్ళు కనపడటం లేదు."

ఆఖరి పాట ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు. వాన చప్పుడొక్కటే మిగిలింది. కమ్మీల దగ్గర పిల్లలు "పాట! పాట!" అని అరిచారు. డిస్కు అలవాటుగా లేవబోయి, కిటికీ వైపు చూశాడు.

స్పీకరు కింద మామయ్య నిలబడి ఉన్నాడు. ఇటు చూసి ఒక వేలు పైకెత్తాడు. ఒక్క నిమిషం. వంగి మీట నొక్కాడు. అదే ఆల్బం, మళ్ళీ మొదటి పాట నుంచి.

"మళ్ళీ వాడే!" అన్నాడు డిస్కు.

"పాడనీ, పాపం," అందామె.